తూదా కొట్టుకి పిల్లి కంత

అనగనగా మనకి ఎంతో దూరాన, మొరాకో దేశంలో, అట్లాస్ కొండల మీద బెర్బెర్లనే కొండవాళ్ళ ఊరొకటి ఉండేదమ్మా. ఆ ఊళ్ళో గింజలు ఎవరూ ఇంట్లో దాచుకోరు. కొండ కొమ్మున ఊరందరికీ కలిపి ఒక రాతి గాదె. అందులో ఇంటికో కొట్టు, కొట్టుకో కొయ్య తాళంచెవి. ఎలకల్ని పట్టడానికి పిల్లి దూరాలిగా, అందుకని ప్రతి తలుపుకీ అడుగున చిన్న కంత.

ఆ గాదెకి కాపలాదారు ఇదెర్. ఉత్త చాదస్తుడు. ఒకరి కొట్టులో ఇంకొకరు చెయ్యి పెడితే ఊళ్ళోంచి వెళ్ళగొట్టాలని తాతలనాటి కట్టుబాటు. కాపలావాడికైనా అంతే. ఆ ఊరు తప్ప ఇదెర్‌కి వేరే దిక్కు లేదు.

ఒక ఏడు వానల్లేవు. అప్పుడు ఇదెర్ ఒకటి కనిపెట్టాడు. పిల్లి అన్ని కొట్లలోకీ దూరుతోంది, తూదా కొట్టు వైపు మాత్రం పోవట్లేదు. తూదా అంటే మొగుడు పోయి, ఇద్దరు పసివాళ్ళతో బతుకుతున్న మనిషి. గింజల్లేని చోట ఎలకలెందుకుంటాయి? ఎలకల్లేని చోట పిల్లికేం పని? అయినా ఆ పిచ్చితల్లి శుక్రవారం శుక్రవారం వచ్చి, లోపలున్న పాత గడ్డి సంచీలో కూరుకుని, గింజలే అన్నట్టు మోసుకెళ్ళేది. ఇదెర్‌కి చూస్తూ ఊరుకోబుద్ధి కాలేదు.

అప్పుడు, "మా ఇంట్లో భోంచేద్దువుగాని రా చెల్లీ" అన్నాడు. "ఇప్పుడే తిన్నానన్నా" అంది. ఆ తర్వాత, "నా బార్లీ కొంచెం పట్టుకెళ్ళు" అన్నాడు. "మాకు బోలెడుంది" అంది. అభిమానం మరి!

ఇక లాభం లేదని, ఒక మధ్యాహ్నం ఇదెర్ తన గింజలు మూటగట్టుకొచ్చాడు. నేలమీద బోర్లా పడుకుని, పిల్లి కంతలోంచి పిడికెడు పిడికెడు లోపల పోశాడు. మూట ఖాళీ అయ్యేసరికి చొక్కా చెయ్యి తలుపు లోపలి మేకుకి తగులుకుంది. లాగినా రాదే!

అప్పుడే ఊరిపెద్దలు వచ్చారు. "దొంగా! కాపలావాడివై ఉండి ఇదేం పని?" అన్నారు. ఇదెర్ నోరు విప్పలేదు. విప్పితే తూదా గుట్టు బయటపడదూ? "ఊరు విడిచి పో" అన్నారు.

ఆ తర్వాత తూదాని పిలిపించి తలుపు తీయించారు. తలుపుతో పాటు ఇదెర్ కూడా లోపలికి జరిగాడు పాపం. చూస్తే ఇంత బార్లీ కుప్ప! "ఎంత పోయిందో చూసుకోమ్మా" అన్నారు.

తూదా కుప్పని చూసింది. మేకుకి చిక్కుకున్న చేతిని చూసింది. అందరూ వింటుండగా చెప్పింది.

"ఏమీ పోలేదు. నెల రోజులుగా నా కొట్టులో ఒక్క గింజ లేదు."

పెద్దలు సిగ్గుపడి, ఊరు విడిచి పొమ్మన్న మాట వెనక్కి తీసుకున్నారు. తూదా కింద కూర్చుని, మేకు నుంచి గుడ్డ విడిపించి, గీరుకుపోయిన ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

"నొప్పిగా ఉందా అన్నా? పిల్లలకి రొట్టెలు కాలుస్తాను. నువ్వూ వచ్చి తిను."

కథేమో కొండ దిగి కంచికి,
నిద్దరేమో మెట్లెక్కి నీ కంటికి!