ఎరకమ్మ ముసుగు

ఎరకమ్మ బతికినన్నాళ్ళూ ఎవరితోనూ అనని మాట ఒకటుంది. తాను తోలే కారంటే ఆమెకు భయం. డ్రైవరమ్మ గుండె రాయి అని ఊరంతా అనుకునేది. ఆ గుండె స్టీరింగు వెనక ఎలా కొట్టుకునేదో ఆమెకే తెలుసు.

అనగా అనగా, కొండకి ఒకటే దారి, దారికి ఒకటే కారు ఉన్న కాలంలో, కొండమీద పొగమెట్ట అని ఒక ఊరుండేది. పొద్దెక్కేదాకా ఊరంతా మంచులో మునిగి ఉండేది. ఆ ఊళ్ళో అప్పలసామి అని ఒక డ్రైవరు. ఆయన పోతూ పోతూ ఒక ముసలి నల్ల కారునీ, ఇద్దరు పిల్లల్నీ వదిలిపోయాడు. కొడుకు దాలినాయుడు ఎక్కడో దూరాన రేవుపట్నంలో పనికి పోయాడు. కూతురు ఎరకమ్మ కారు తోలింది. నేర్పినవాళ్ళు లేరు. చూసి నేర్చుకుంది, విప్పి నేర్చుకుంది, పాడుచేసి నేర్చుకుంది. నెప్పులొచ్చిన ఆడమనిషి దిగాలన్నా ఆ కారే. జ్వరమొచ్చిన బిడ్డ దిగాలన్నా ఆ కారే. పసుపు బస్తా సంతకి దిగాలన్నా ఆ కారే.

ఆ కారుకి ఒక జబ్బు పట్టుకుంది.

ఊరు దాటగానే గూనిమెలిక అని నిట్రంగా, నిలువునా లేచే ఒక ఎక్కుడు. అది ఎక్కితే ఆ తర్వాత కొండకింది పట్నం దాకా అంతా దిగుడే. సరిగ్గా ఆ ఎక్కుడులోనే కారు మూడు దెబ్బలు కొట్టి నాలుగోది మింగేది. డగ్గు, డగ్గు, డగ్గు... తుస్సు. డగ్గు, డగ్గు, డగ్గు... తుస్సు. ఒక పొద్దున అలాగే మింగి మింగి ఆగిపోయి, వెనక్కి జారింది. ఎక్కినవాళ్ళు దూకి చక్రాల కింద రాళ్ళు పెట్టారు కాబట్టి లోయలో పడలేదు. ఆ తర్వాత ఆ కారెక్కడానికి ఎవరికీ కాళ్ళాడలేదు.

పోస్టాఫీసుకి అన్నయ్య ఫోను వచ్చింది.

"అమ్మేద్దాం చెల్లీ. పాతినుము కొనే మస్తాను వచ్చే సంతరోజుకి లారీ తెస్తానన్నాడు."

"బాగుసేయిస్తే..."

"ఇంజన్ల గురించి నీకేటి తెలుసు? నాను మాటిచ్చేసినాను."

ఎరకమ్మ "ఊఁ" అంది. అన్నయ్య ఫోను చేసినప్పుడల్లా ఆమె అనేది అంతే.

కానీ ఆమె కొంగున ఒక్క సామాను కొనే డబ్బుంది. ఒక్కటే. తప్పు సామాను కొన్నదా, ఇక లారీ రావడమే మిగులుతుంది. అందుకని ఖాళీ కారు తీసుకుని, ఆగిన చోటల్లా చక్రానికి రాయి వేసుకుంటూ గూనిమెలిక దాటి, పట్నం దిగింది.

మొదటి మేస్త్రి బానెట్టు ఎత్తకుండానే చెప్పాడు. "ప్లగ్గులు పోయినాయి. నాలుగూ మార్సెయ్."

"సూడకుండా కొనను," అంది ఎరకమ్మ.

"కొననిదానివి ఎందుకొచ్చినావు? నా మొకం సూడ్డానికా?"

రెండో మేస్త్రి బీడీ తీసి చెప్పాడు. "కార్బురేటరు. కొత్తది ఎయ్యాల."

"సూడకుండా కొనను."

"అయితే కారుకి దిష్టి తీయించుకో. అదయితే సవగ్గా అయిపోద్ది!" షెడ్డంతా నవ్వింది.

మూడో మేస్త్రి ఖాదర్ తాత పెద్దవాడు, నిదానస్తుడు. పొడుగు స్క్రూడ్రైవరు ఇంజను మీద ఆనించి, పిడికి చెవి పెట్టి చాలాసేపు విన్నాడు. "శుభ్రంగా కొడతంది బిడ్డా. నువ్వు మింగతందంటున్నావు గనక, ఇంజను దింపి విప్పి చూడాలి మరి."

"సూడకుండా విప్పించను తాతా."

ఖాదర్ తాతకి కోపం రాలేదు. "సరేనమ్మా. నా ముందర ఒక్కసారైనా దగ్గించు. దగ్గు వినకుండా మందెలా ఇవ్వను?"

ఎరకమ్మ తిరిగి కొండెక్కింది. మిట్టమధ్యాహ్నం, ఎండ కాస్తోంది. గూనిమెలిక దాకా దారంతా ఎక్కుడే. అయినా కారు ఒక్క దెబ్బ కూడా మింగలేదు.

మర్నాడు పొద్దున్నే మంచులో, ఎక్కుడు జోలికి పోకుండా ఇంటి ముందే కారు స్టార్టు చేసి చూసింది. డగ్గు, డగ్గు, డగ్గు... తుస్సు. మళ్ళీ తెల్లారితే సంత, లారీ వచ్చే రోజు.

పొడిగుడ్డ చేతికి చుట్టుకుని, తిరుగుతున్న ఇంజనుకి ప్లగ్గు తీగలు ఒక్కొక్కటే ఊడదీసి మళ్ళీ తగిలించింది. ఒక తీగ తీసింది, ఇంజను కుంటింది. ఇంకోటి తీసింది, కుంటింది. మూడోది తీసింది. ఇంజనుకి చీమ కుట్టినట్టయినా లేదు. ఇంజనులో ఉన్న నాలుగు గదుల్లో, జబ్బు ఆ తీగ పోయే గదిలో ఉంది. ఆ గది ప్లగ్గు తీసి పక్క గదిలో పెట్టింది, పక్కదాని ప్లగ్గు ఇందులో పెట్టింది. జబ్బు కదల్లేదు, మూడో గదిలోనే ఉంది. కాబట్టి ప్లగ్గు కాదు. కార్బురేటరయితే నాలుగు గదులూ ఏడవాలి గదా, ఒక్కటే ఏడుస్తోంది. కాబట్టి కార్బురేటరూ కాదు.

పక్కింటి బోడెమ్మ పిన్ని అరుగు మీంచి చూస్తోంది.

"పిన్నీ, వచ్చి ఇంజను తిప్పే ఈ హ్యాండిలు తిప్పవా?"

"నా మొగుడి బండి కూడా నేనెప్పుడూ తొయ్యలేదే! మసి అంటితే నువ్వే ఉతకాల."

"ఉతుకుతాన్లే, తిప్పు."

ఎరకమ్మ ప్లగ్గులన్నీ తీసేసి, మూడో కన్నం మీద బొటనవేలు అదిమిపెట్టింది. పిన్ని తిప్పింది. లోపలి గాలి వేలిని ఫట్టున ఎగదన్నింది. తక్కిన మూడూ అలాగే తన్నాయి. గదిలో బలముంది. ఇంజను దింపనక్కర్లేదు.

"ఇదీ కాదు, అదీ కాదు. మరేటే?" అంది పిన్ని.

ఎరకమ్మ ప్లగ్గులన్నీ బిగించి, కారు పక్కనే చతికిలబడింది. ఆలోచిస్తుండగానే ఎండొచ్చింది. మంచు విడిచింది. కారు మళ్ళీ స్టార్టు చేస్తే శుభ్రంగా కొట్టింది. ఒక్క దెబ్బా మింగలేదు.

అప్పుడు తట్టింది. తాను కారుని కొండ దింపి, ఎండలో ఆరబెట్టి, జబ్బు తగ్గాక తీసుకెళ్ళి మేస్త్రులకి చూపించింది! జబ్బు మంచులో ఉంది. మంచు పట్నం దిగదు.

"పిన్నీ, చెంబెడు నీళ్ళు! నీ దుప్పటి కూడా!"

"నా దుప్పటెందుకే?"

"మంచు తెస్తాను."

ఇంజను తిరుగుతుండగా, ఇస్త్రీ బట్ట మీద ఊదినట్టు, పుక్కిట నీళ్ళు పట్టి తీగల మీద సన్నగా ఊదింది. డగ్గు, డగ్గు, డగ్గు... తుస్సు! కానీ ఆ ఎండలో కంటికేమీ కనబడలేదు. అప్పుడామె బానెట్టు మీదా తన తలమీదా కలిపి దుప్పటి కప్పుకుంది. అంచు ఫ్యానులో పడకుండా పిన్ని గట్టిగా పట్టుకుంది.

పట్టపగలే ఆ ముసుగులో చీకటి పడింది. ఆ చీకట్లో, మూడో తీగ మీద, గోరంత నీలం నిప్పు. చిట్, చిట్ మని పక్కనున్న ఇనుములోకి దూకుతోంది. గదిలో వెలగాల్సిన నిప్పు దారిలోనే కారిపోతోంది.

"దొరికినావే!" అని ముసుగులోంచి ఒక కేక.

"ఎవురే? పామా?" పిన్ని దుప్పటి వదిలేసి అరుగెక్కేసింది.

తీగ ఇనుముకి రాసుకుని రాసుకుని తోలు చిట్లింది, అంతే. ఎరకమ్మ కారు ఆపి, తీగ తుడిచి, పాత సైకిలు ట్యూబు ముక్క చుట్టింది. మళ్ళీ స్టార్టు చేసి మళ్ళీ నీళ్ళూదింది. మింగలేదు. ఇంకోసారి ఊదింది. మింగలేదు. మూడోసారి చెంబులో మిగిలిన నీళ్ళన్నీ గుమ్మరించింది. డగ్గు, డగ్గు, డగ్గు, డగ్గు. కొనాల్సింది ఒక్క తీగ. ఆమె దగ్గరున్నదీ అంతకే.

ఎరకమ్మ చాలా ఏళ్ళు కారు తోలి, ముసలిదై కన్నుమూసింది. ఆమె పోయినరోజు పొగమెట్టలో ఉన్న ప్రతి బండి మీదా దుప్పటి కప్పారట. ఇప్పటికీ ఆ కొండమీద కొత్త బండి కొంటే, తొలిపొద్దున దాని మీద పుక్కిట నీళ్ళు ఊది, ముసుగేసి, ఇంటి ఆడపడుచుని లోపలికి తొంగిచూడమంటారు. బండికనే కాదు. ఎవరైనా ఆత్రంగా డబ్బు తియ్యబోతే చాలు, "ముసుగేసి సూసినావా?" అని అడుగుతారు. చూడలేదంటే ఆ డబ్బు మళ్ళీ మొలలోకి పోవాల్సిందే.

ఇదంతా తర్వాతి మాట. ఆరోజుకి ఎరకమ్మకి తెలిసింది, తెల్లారితే లారీ వస్తుందన్న సంగతి ఒక్కటే. ఆమె పిన్ని దుప్పటిని ఉతికి పిండి దండెం మీద ఆరేసింది. మసి చేతులు చీరకి తుడుచుకుంది. ఇన్నాళ్ళూ ఫోను అన్నయ్యే చేసేవాడు, మాటా అన్నయ్యే చెప్పేవాడు.

"ఎక్కడికే?" అంది బోడెమ్మ పిన్ని.

"పోస్టాఫీసుకి. అన్నయ్యకి ఫోను సేస్తాను."

"ఏటి సెప్తావు?"

"ఊఁ అని మాత్రం అనను," అంటూ ఎరకమ్మ వీధిలోకి నడిచింది.