స్వరూపసరస్సు ఒడ్డున అరుణావళి

పూర్వం త్రేతాయుగంలో, వింధ్యపర్వతపు దక్షిణసానువుల్లో, శౌర్యధనుడూ ధర్మవర్తనుడూ అయినా పట్టిన పట్టు విడవని మహామొండివాడైన రుచిధన్వుడనే రాజు రాజ్యమేలుతుండేవాడు. ఆ రాజ్యపు అరణ్యంలో ఉన్న స్వరూపసరస్సులో మునిగినవారికి, తమ మనసు ఎరిగిన రూపమే దేహానికీ సిద్ధించేది. అలా లేచినవారిని కుటుంబపెద్ద ఒడ్డున నిలిచి, కొత్త పేరుతో పిలిచి ఇంటికి తోడ్కొనిపోవడం అక్కడి ఆచారం.

రాజుగారి ఏకైక సంతానమైన అరుణకేతుడు పసితనం నుంచీ తనలో స్త్రీనే ఎరిగి, ఆ సరస్సులో మునిగి, అరుణావళియై లేచింది. ఒడ్డున తండ్రి లేడు. ఇంటికి వచ్చాకా ఆయన ముఖం తిప్పుకున్నాడే గాని ఆ పేరు పలకలేదు, తన భోజనపంక్తిలో ఆమెకు విస్తరి వేయించలేదు. అలా ఏళ్లు గడిచాక, తల్లి లేని ఆ బిడ్డ తండ్రి పలకరింపు కోసం అలమటించి, సరస్సును కాచే తపోధనుడు శంఖపాద మహర్షి పాదాలపై పడి, "స్వామీ! నా పాతరూపం నాకు ఇప్పించండి" అని విలపించింది.

ఆ వార్త వినగానే రాజు ఉబ్బితబ్బిబ్బయ్యాడు. "చూశారా! పశ్చాత్తాపం పుట్టింది! ఒకరికి పుట్టినది అందరికీ పుట్టదా? ఆ సరస్సును బండలతో పూడ్చండి!" అని ఆజ్ఞాపించాడు. ఎందుకమ్మా అని బిడ్డను అడగడానికి ఆయనకు నోరు రాలేదు గాని, బండలు లాగడానికి ఏనుగులు మాత్రం వెంటనే వచ్చాయి.

రాజు ఒడ్డున నిలిచి చూస్తుండగా మొదటి బండ దొర్లబోతుంటే అరుణావళి పరుగున వచ్చింది. తన కన్నీటిని సాకుగా చేసుకుని ఎందరి దారో మూసేస్తున్నారని గ్రహించి, బండకు అడ్డంగా నిలిచింది.

"మహారాజా! ఈ రూపం నాకు బరువు కాలేదు, మీ మౌనమే బరువైంది. మీ పక్కన కూర్చుని ఒక ముద్ద తినడం కోసం ఈ దేహాన్నే వదులుకుందామనుకున్నాను. నమ్మకపోతే ఇక్కడ మునిగినవారినందరినీ అడగండి!"

మహర్షి పిలిపించగా వారంతా వచ్చారు. "సుఖంగా ఉన్నాం ప్రభూ" అన్నవారితో ఒడ్డు నిండిపోయింది. పాతరూపానికి మరలినవారు వేళ్ల మీద లెక్కించదగినంతమందే, అందులోనూ పలువురు లోకుల ఎగతాళి పడలేక మరలామన్నారు. లాసిక అనే నర్తకి మాత్రం ముందుకు వచ్చి, "నా సంగతి వేరు ప్రభూ. ఒకసారి ఇక్కడ మునిగి, పురుషుడనై బతికి చూశాకే నేను స్త్రీనని నాకు తెలిసింది. తిరిగి మునిగితే ఈ సరస్సుతల్లి నన్ను తప్పుపట్టలేదు. అప్పటికే మీరు దీన్ని పూడ్చి ఉంటే నేనెక్కడికి పోయేదాన్ని?" అంది.

రాజు నిలువునా కరిగిపోయాడు. "అమ్మా, అరుణావళీ!" అని పిలిచాడు. ఒకసారి పిలిచి ఆగలేక, కొండలు మారుమోగేలా పిలుస్తూనే ఉన్నాడు. "తల్లీ, నన్ను క్షమించు. ఏ రూపం కావాలో నీవే చెప్పు."

"ఇదే నాన్నగారూ! ఇదే నేను!"

అప్పుడు సరస్సులోంచి కమలహస్తయైన జలదేవత వెలువడి, "వచ్చేవారూ నా బిడ్డలే, మరలేవారూ నా బిడ్డలే. ఈ నీరు ఎన్నటికీ ఇంకదు!" అని వరమిచ్చింది. దుందుభులు మోగుతుండగా, రుచిధన్వుడు కుమార్తెను అంబారీపై కూర్చోబెట్టి, పురవీథుల్లో ఊరేగించి, యువరాణిగా అభిషేకించాడు. ఈ కథ శ్రద్ధగా విన్నవారి ఇళ్లలో, బిడ్డ మాట విన్నాకే పెద్దలు తీర్పు చెబుతారని శంఖపాద మహర్షి ఆశీర్వదించాడు.