ఏనుగు మీంచి రాసిన గ్రంథం

వెనకటికి మణిగిరి అనే రాజ్యం ఒకటి ఉండేది. దాన్ని ప్రచండవర్మ అనే రాజు ఏలేవాడు. చెడ్డవాడు కాడు. కాని తనకు తెలియనిది లోకంలో ఏదీ లేదన్న నమ్మకం ఆయనకు పసితనం నుంచీ ఉంది. రాజు కనుక ఆ నమ్మకాన్ని కాదనేవాళ్ళు ఎవరూ ఆయనకు తారసపడలేదు.

నలభయ్యో ఏట ఆయనకు పుస్తకం రాయాలని బుద్ధి పుట్టింది. కావ్యం రాద్దామంటే ఛందస్సు రావాలి. వైద్యం మీద రాద్దామంటే మూలికలు తెలియాలి. మనుషుల గురించైతే ఏమీ తెలియనక్కర్లేదు, తానూ మనిషే కదా అనుకున్నాడు. ప్రజలు ఎలాంటివాళ్ళు, ఎందుకు నవ్వుతారు, ఎందుకు పోట్లాడుకుంటారు, వాళ్ళకు నిజంగా కావలసిందేమిటి, ఇవన్నీ ఒక్క గ్రంథంలో తేల్చేస్తానని నిండు సభలో ప్రకటించాడు.

మర్నాడు పట్టపుటేనుగు ఎక్కి, తూర్పు వాకిలి నుంచి పడమటి వాకిలి దాకా రాజవీధి వెంట ఒకసారి వెళ్ళి వచ్చాడు. లేఖకుడు గంటం పట్టుకుని పక్కనే నడిచాడు. అంతటితో పరిశీలన ముగిసింది. నెల తిరిగేసరికి నలభై ఆకుల గ్రంథం తయారైంది. పేరు ‘ప్రజాస్వభావ రత్నాకరం’. దీన్ని చదివితే అత్త మనసు కోడలికీ, కోడలి మనసు అత్తకీ అరచేతిలో ఉసిరికాయలా తెలిసిపోతుందని మొదటి ఆకులోనే రాయించాడు. గ్రంథానికి ముందు పండితులు ఇచ్చిన పొగడ్తలు మరో అరవై ఆకులు. ఆ పొగిడినవాళ్ళలో గ్రంథం చదివినవాడు ఒక్కడూ లేడు. వాళ్ళు పొగిడేనాటికి అది ఇంకా పూర్తి కాలేదు.

దానికి వ్యాఖ్యానం రాసే పని మైలారయ్య నెత్తిన పడింది. మైలారయ్య కోటలో పుస్తక భాండారం చూసుకునే ఉద్యోగి. యాభై దాటినవాడు. చూపు కాస్త మందం, నోరు మాత్రం పదును. అయితే ఆ పదును చూపించేది ఇంటి అరుగు మీద, స్నేహితుల దగ్గర. సభలోకి వచ్చేసరికి అతని నాలుక మెత్తబడిపోయేది. ముప్పై ఏళ్ళుగా, బాగాలేని పుస్తకాలను బాగున్నాయని చెబుతూ బతికినవాడు. ఆ సంగతి అతనికీ తెలుసు. తెలిసినా ఎప్పుడూ నిద్ర పట్టకపోలేదు.

పదిహేను రోజుల్లో గ్రంథోత్సవం. ఈలోగా వ్యాఖ్యానం కావాలనీ, ప్రతి సూత్రానికీ లోకంలోంచి ఒక ఉదాహరణ తెచ్చి చూపాలనీ రాజు ఆజ్ఞ.

మైలారయ్య గ్రంథాన్ని ఇంటికి తెచ్చుకుని విప్పాడు. ఈ దేశపు ప్రజలు స్వభావతః వినయవంతులు, ఎప్పుడూ నేల చూపులే చూస్తారని మొదటి సూత్రం. రాజు రాకముందే భటులు బెత్తాలు ఊపుతూ తలలు దించమని కేకలు వేస్తూ వెళ్ళిన సంగతి ఊరంతటికీ తెలుసు. ప్రజలకు శుభ్రత అంటే ప్రాణమని రెండో సూత్రం. అంతకు ముందురోజే రాజవీధి ఇళ్ళకు సున్నం కొట్టించారు, అదీ వీధి వైపు గోడలకే. ఈ దేశంలో ముసలివాళ్ళూ రోగులూ లేరని మూడోది. వాళ్ళను ఆ పూటకు ఇళ్ళలో పెట్టి గొళ్ళాలు వేయించారు. మైలారయ్య తనలో తాను నవ్వుకుంటూ చదివాడు. ఇంతకంటే చెడ్డ పుస్తకాలను అతను మెచ్చుకున్నాడు.

నాలుగో సూత్రం దగ్గర నవ్వు ఆగిపోయింది.

‘ప్రజలకు స్వభావతః ఆకలి లేదు. మేము వీధి పొడవునా చూశాము. ఒక్కడైనా తింటూ కనబడలేదు, అన్నమో అని అడుగుతూనూ కనబడలేదు.’

దాని కిందే శాసనం. ఆకలి లేనివాళ్ళకు గంజి పోయడం దండుగ కనుక, కోట చుట్టూ ఉన్న పన్నెండు గంజి పందిళ్ళనూ గ్రంథోత్సవం మర్నాటి నుంచి ఎత్తేయాలి. వాటి కోసం దాచిన గింజలు ఉత్సవంలో పండితుల విందుకు తేవాలి.

వానలు మొహం చాటేసి అప్పటికి మూడో ఏడు. పల్లెల్లో మిగిలినవాళ్ళు ఆ గంజి తాగే ప్రాణాలు నిలుపుకుంటున్నారు. మైలారయ్య ఆకులు కట్టి పక్కన పెట్టాడు. మళ్ళీ విప్పి పీఠిక చదివాడు. అక్కడ ఇలా ఉంది: ‘కళ్ళారా చూసినదే ప్రమాణం. ఇలా తేలినదానికి వేరే సాక్ష్యం అక్కర్లేదు. అధికారులు దాన్ని శాసనంగా ఎంచి నడుచుకోవాలి.’ కింద రాజముద్ర.

మర్నాడు పొద్దున్నే పడమటి వాకిలి బయటి పందిరికి వెళ్ళాడు. ఎందుకు వెళ్ళాడో అతనికే సరిగా తెలియదు. ఉదాహరణ కోసమని భార్యతో చెప్పాడు. ఆ పందిట్లో గంజి కాచేది కాచమ్మ అనే పెద్దావిడ. నడుము వంగింది కాని చేతిలో తెడ్డు ఆగదు. కోటలోంచి వచ్చిన మనిషని చూసి, గింజలు ఎప్పుడు పంపుతారని అడిగింది. మైలారయ్య ఉన్నదున్నట్టు చెప్పేశాడు. ప్రజలకు ఆకలి లేదని రాజుగారు గ్రంథం రాశారనీ, పందిళ్ళు ఎత్తేస్తారనీ, దానికి తాను వ్యాఖ్యానం రాయాలనీ.

కాచమ్మ తిట్టలేదు. గరిటె తీసి అతని చేతిలో పెట్టింది.

"ఇదిగో అయ్యగారూ, ఈ పూట మీరు పోయండి. ఒక్కొక్కళ్ళకీ పోస్తూ, నీకు ఆకలి లేదు అని చెప్పండి. ఎవరైనా ఒప్పుకుంటే అదే రాసుకోండి."

మైలారయ్య గరిటె పట్టుకున్నాడు. బారులో మొదట నిలబడ్డది ఒక నేతగాడు. మోదుగాకు దొప్ప రెండు చేతులతో చాచాడు. మైలారయ్య గంజి పోశాడు కాని మాట పెగల్లేదు. రెండోవాళ్ళకీ పెగల్లేదు. పొద్దు నడినెత్తికి వచ్చేదాకా, మూడు వందల పదిమందికి పోశాడు. ఒక్కరితోనూ ఆ మాట అనలేకపోయాడు. ముప్పై ఏళ్ళలో ఒక పుస్తకంలోని మాట చెప్పడానికి అతనికి సిగ్గేయడం అదే మొదలు.

కాని ఊరికే ఉండలేక, దొప్ప నింపుతూ నింపుతూ, రాజుగారు ఎలా ఉంటారు, మీరు చూశారా అని అడుగుతూ వచ్చాడు. చూశామన్నారు అందరూ. దూరాన గొడుగు కనబడుతుంది, దగ్గరికొచ్చాక ఏనుగు కాళ్ళు కనబడతాయి, అంతలో తల దించమంటారు అన్నారు. ఆయన తింటుండగా ఎప్పుడైనా చూశారా అని అడిగితే, అదేం ప్రశ్న, రాజుగారు తినడం మేమెందుకు చూస్తాం, లేదన్నారు.

మూడు వందల పదిమందీ లేదనే అన్నారు. ఇంటికి వెళ్ళేదారిలో మైలారయ్య రెండుసార్లు ఆగి, తనలో తాను ఏదో లెక్కవేసుకుని, మళ్ళీ నడిచాడు.

గ్రంథోత్సవానికి ముందురోజు సాయంత్రం అతను రాజుగారి వంటశాలకు వెళ్ళాడు. వంటశాల పెద్ద బొల్లయ్యకు ఒక తాటాకు ఇచ్చి, దాంతోపాటు గ్రంథం పీఠిక కిందనున్న రాజముద్ర చూపించాడు. బొల్లయ్య చదివి గుడ్లు తేలేశాడు. ఇది నిజంగా శాసనమేనా అని మూడుసార్లు అడిగాడు. గ్రంథం ప్రకారం శాసనమేననీ, కోపమంటూ వస్తే తన తల మీదికే వస్తుందనీ మైలారయ్య ఒట్టు పెట్టాడు. బొల్లయ్య పొయ్యిల్లో నిప్పు ఆర్పించి, వంటవాళ్ళను ఇళ్ళకు పంపేశాడు.

తెల్లవారింది. రాజుగారికి ఫలహారం రాలేదు. ఉత్సవం సందడిలో ఆలస్యమైందేమో, ఎలాగూ మధ్యాహ్నం విందు ఉంది కదా అనుకుని ఆయన సభకు వచ్చి కూర్చున్నాడు. పండితులూ విందు తలచుకుని ఉత్త కడుపులతోనే వచ్చారు. ముందుగా పొగడ్తల ఆకులు చదవడం మొదలైంది. అరవై ఆకులు. ముప్పయ్యో ఆకుకు వచ్చేసరికి రాజు సింహాసనంలో అటూ ఇటూ కదిలాడు. నలభయ్యో ఆకు దగ్గర ఇక చాలని చెయ్యి ఊపి, వడ్డించమని కబురంపాడు.

వంటకాలకు బదులు బొల్లయ్య వచ్చాడు. తాటాకును రాజు చేతిలో పెట్టాడు. రాజు పైకే చదివాడు.

‘ఈ దేశంలో రాజుగారు తింటుండగా చూసినవాళ్ళు లేరు. ఆయన అన్నమో అని అడగ్గా విన్నవాళ్ళూ లేరు. కనుక రాజుగారికి స్వభావతః ఆకలి లేదు. కనుక వంటశాల దండుగ. ఎత్తేయవలసింది.’

ఇది రాసినవాడెవడని రాజు అడిగాడు. మైలారయ్య లేచి నిలబడ్డాడు.

"నేనే మహాప్రభూ. ప్రతి సూత్రానికీ లోకంలోంచి ఒక ఉదాహరణ తెమ్మన్నారు. నాలుగో సూత్రానికి నాకు ఇది దొరికింది. మూడు వందల పదిమందిని అడిగి మరీ రాశాను. దేవరవారు ప్రజలను ఒక్క పూటే చూశారు. వాళ్ళు దేవరవారిని ఇరవై ఏళ్ళుగా చూస్తున్నారు."

"ఏం చూశారు?" అన్నాడు రాజు. ఆయన గొంతు సన్నగా, గట్టిగా ఉంది. "వీధిలో ఏనుగు మీద పోతుంటే చూస్తే నా ఆకలి వాళ్ళకేం తెలుస్తుంది? నేను తినేది ఇంటి లోపల కదా."

"చిత్తం," అన్నాడు మైలారయ్య. "వాళ్ళు తినకుండా పడుకునేదీ ఇంటి లోపలే మహాప్రభూ."

రాజు చేతిలోని తాటాకును మళ్ళీ చూసుకున్నాడు. ఆకులోని మాట అబద్ధమంటే గ్రంథం అబద్ధమవుతుంది. నిజమంటే ఈ పూటకు భోజనం లేదు. మైలారయ్య తల దించుకుని నిలబడ్డాడు. ఖడ్గమో, దేశబహిష్కారమో, ఏదైనా త్వరగా తేలితే బాగుండునని మాత్రం అనుకున్నాడు.

ఇంతలో రాజుగారి కడుపు గుర్రుమంది. చిన్న చప్పుడు కాదు, వెనక వరసలో కూర్చున్నవాళ్ళకు కూడా వినబడింది. వెంటనే ముందు వరసలోని పండితుడొకాయన చేతులు జోడించి లేచి, గ్రంథ ప్రభావం వల్ల మేఘం గర్జించిందనీ, ఇక వానలు తప్పవనీ అన్నాడు.

రాజు ఆయన వంక చూశాడు. మొదట పెదవి అదిరింది, తర్వాత భుజాలు అదిరాయి, ఆపైన ప్రచండవర్మ సింహాసనం పట్టుకుని పగలబడి నవ్వాడు. కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ, అరవై ఆకులూ నువ్వే రాశావా స్వామీ అని అడిగాడు. ఆరు మాత్రమే రాశానని పండితుడు వినయంగా చెప్పుకున్నాడు. దాంతో రాజుకు మళ్ళీ నవ్వు వచ్చింది.

నవ్వు తగ్గాక ఆకలి తగ్గలేదు. పొయ్యిలు రాజేసి వండాలంటే జాము పడుతుందని బొల్లయ్య చెప్పాడు. ఈ చుట్టుపక్కల ఇప్పటికిప్పుడు ఉడికిన తిండి ఎక్కడుందని రాజు అడిగాడు. పడమటి వాకిలి బయట ఉందనీ, అయితే అక్కడి పెద్దావిడ ఎవరికీ ఇంటికి కట్టి ఇవ్వదనీ మైలారయ్య చెప్పాడు. రాజు కిరీటం తీసి పీట మీద పెట్టి, భటులను రావద్దని చెప్పి, మైలారయ్య వెంట నడిచాడు.

దారిలో ఒక్కరూ తల దించలేదు. ముందు బెత్తాలు పోలేదు కదా. సున్నం వెలసిన పక్క గోడలూ, గుమ్మాల్లో కూర్చున్న ముసలివాళ్ళూ, దగ్గుతున్నవాళ్ళూ కనబడ్డారు. రాజు అన్నీ చూస్తూ నడిచాడు. పందిరి దగ్గరికి రాగానే అలవాటు చొప్పున నేరుగా గుండిగ ముందుకు పోయాడు. కాచమ్మ తెడ్డు అడ్డం పెట్టింది.

"ఏ ఊరు నాయనా నీది? మొహం కొత్తగా ఉంది."

"ఈ ఊరేనమ్మా," అన్నాడు రాజు.

"ఈ ఊరివాడివే అయితే ఇన్నాళ్ళూ ఎక్కడున్నావు? పో, బారు చివర నిలబడు."

రాజు అలాగే వెళ్ళి, చివర ఉన్న ఒక బాలింత వెనక నిలబడ్డాడు. బారు కదలడానికి చాలాసేపు పట్టింది. ఎండ మాడు మీద ఉంది. ఆ బాలింత తన వంతు వచ్చాక గంజి తాను తాగకుండా ముందు చంటిదాని నోట్లో చుక్కలు చుక్కలుగా వేయడం ఆయన పక్కనే నిలబడి చూశాడు. తన దొప్ప తాను తాగి, ఇంకొకటి అడిగాడు. మనిషికొకటేనని కాచమ్మ చెప్పింది. ఆయన సరేనని తల ఊపి వచ్చేశాడు.

కోటకు తిరిగి వచ్చాక రాజు చేసిన మొదటి పని నాలుగో సూత్రం ఉన్న ఆకును లాగి విరిచేయడం. పన్నెండు పందిళ్ళూ అలాగే సాగాలనీ, మరో పన్నెండు వేయాలనీ, మనిషికి రెండేసి దొప్పలు పోయాలనీ, విందు కోసం దాచిన గింజలు ఆ పూటే పంపాలనీ ఆజ్ఞ ఇచ్చాడు. మైలారయ్యకు తన చేతి కంకణం తీసి తొడిగాడు. అది చాలక, ఇంకేం కావాలో కోరుకోమన్నాడు.

మైలారయ్య ఎక్కువసేపు ఆలోచించలేదు.

"మహాప్రభూ, మిగిలిన సూత్రాలకు వ్యాఖ్యానం రాసే పని తప్పించండి. ముప్పై ఏళ్ళుగా ఏ పుస్తకాన్నయినా మెచ్చుకుంటూ వచ్చాను. ఇప్పుడు అలవాటు తప్పింది."

రాజు మళ్ళీ నవ్వాడు. ఈసారి కొంచెం ఆగి నవ్వాడు. ఆ పని తప్పించాడు.

వానలు ఆ మరుసటి ఏడు పడ్డాయి. అప్పటిదాకా పందిళ్ళు నడిచాయి. ‘ప్రజాస్వభావ రత్నాకరం’ ఒక ఆకు తక్కువతో భాండారంలోనే ఉండిపోయింది. మనుషుల స్వభావం తెలుసుకుందామని దాన్ని వెతుక్కుంటూ అప్పుడప్పుడూ ఎవరో ఒకరు వచ్చేవాళ్ళు. మైలారయ్య కాదనేవాడు కాదు. కట్ట తీసి చేతికిచ్చే ముందు మాత్రం, భోంచేశారా అని అడిగేవాడు.