ఓడెక్కిన చీర

నాగలింగప్పగారిని ఏది అడిగినా శాస్త్రం తీసేవారు కాదు. ఎక్కడో జరిగిన సంగతి ఒకటి చెప్పేవారు. ఒకనాడు శిష్యుడు వీరభద్రుడు, నూలు వర్తకం చేసేవాడు, ఇలా అడిగాడు: "స్వామీ, సొమ్ము సొమ్మును కంటుందంటారు. మరి మొదటి సొమ్మును కన్నదెవరు?"

ఆయన చెప్పిన సంగతి ఇది.

రేవుకు రెండామడల దూరంలో ఒక నేతవీధి. నలభై గడపలు. అక్కడ సాంబయ్య అనేవాడు చీర నేసి, సంతలో అమ్మి, గింజలు తెచ్చుకుని బతికేవాడు. అందరిదీ అదే బతుకు. ఒక ఏడు వానల్లేక ధాన్యం ప్రియమైంది. సంతలో చీర అడిగే నాథుడు లేడు.

అప్పుడు పేరిశెట్టి అనే ఓడవాడు వీధిలోకి వచ్చాడు. "ఓడ ఉంది, నింపడానికి సరుకు లేదు. ఇంటికో బట్ట ఇవ్వండి. మునిగితే తలా ఒక బట్ట పోతుంది, ఏ ఇల్లూ మునగదు. తిరిగొస్తే ఎవరి వంతు వారిది" అన్నాడు.

"నీళ్ళ మీద వాటాలేమిటయ్యా!" అని నవ్వారు జనం.

సాంబయ్య ఇంట మిగిలింది ఒక్కటే చీర. భార్య లచ్చమ్మ దాన్ని దండెం మీంచి తీసి, మడత పెట్టి, శెట్టి చేతిలో పెట్టింది. "అయినకాడికి అమ్మినా నాలుగు రోజుల గంజి. పోనీ, సముద్రం చూసి రానీ" అంది. ఆమెను చూసి మిగతా ఇళ్ళూ కదిలాయి.

ఎనిమిది నెలలు చింతగింజలు ఉడకేసుకు తిన్నారు. సాంబయ్య చిన్నకూతురు నడవలేనంతగా చిక్కిపోయింది. లచ్చమ్మ మొహం చూడలేక అతడు రేవుదారి పట్టి తిరిగేవాడు. చివరికి ఓడ వచ్చింది. ఒక్కొక్క బట్టకు నాలుగు బట్టల విలువ పలికింది. వీధంతా బస్తాలు మోసుకుంటూ ఇంటిదారి పట్టింది.

సాంబయ్య మాత్రం ఒక వంతుకే గింజలు తీసుకున్నాడు. శెట్టి వైపు తిరిగాడు. "మిగతా మూడు వంతులకూ సరుకు కొని మళ్ళీ ఓడెక్కించు, శెట్టిగారూ."

శెట్టి అతణ్ణి నిలువునా చూసి, తలపాగా తీసి చంకన పెట్టుకున్నాడు.

రెండేళ్ళలో ఓడ మూడుసార్లు వెళ్ళి వచ్చింది, ప్రతిసారీ సాంబయ్య వంతు పెరిగింది. ఆ తర్వాత మళ్ళీ కరువు తగిలినప్పుడు వీధిలో నూలు ఉన్నది సాంబయ్య ఇంట్లోనే. అతడు ఇంటింటికీ నూలు పంచి, బట్ట నేసిపెట్టమని, కూలి ముందే ఇచ్చాడు. ఆ ఏడు నలభై గడపల్లో ఒక్క పొయ్యీ ఆరలేదు.

వీరభద్రుడికి కళ్ళు చెమర్చాయి. "ఎంతటి గుండె స్వామీ ఆ దంపతులది!"

"అవును. వాళ్ళకు దణ్ణం పెట్టవలసిందే" అన్నారు నాగలింగప్పగారు. మళ్ళీ అన్నారు: "ఆ వీధిలో చెన్నయ్య అని ముసలాయన ఉండేవాడు. సాంబయ్యకు మగ్గం నేర్పినవాడు. ఆయన కూడా వచ్చి నూలు అందుకుని, 'అంచుకు ఏ రంగు వెయ్యమంటావు తమ్ముడూ?' అని అడిగాడట. అంతవరకూ ఎవరి చీరకు రంగు వారే ఎంచుకునేవారు; ఆ వీధిలో ఎవరూ ఎవరినీ ఆ మాట అడిగి ఎరగరు."