నాలుగున్నర శ్రుతి

పూర్ణిమ సమస్యంతా ఒక కాగితం మీద ఒక్క గడిలో ఉంది. పదో తరగతి తరవాత ఏం చదవాలనుకుంటున్నారో ఆ గడిలో రాసి, ఇంట్లో పెద్దవాళ్ళ సంతకంతో సోమవారానికల్లా తెమ్మని బడిలో అందరికీ ఫారాలిచ్చారు. స్నేహితురాలు జాహ్నవి ఎం.పి.సి. అని రాసేసింది. పూర్ణిమ కూడా అదే రాసింది, కాకపోతే పెన్సిలుతో.

శనివారం సాయంత్రం ఇద్దరూ సంగీతం పాఠానికి వెళ్ళారు. పాఠం బొబ్బిలిలో అప్పలాచార్యులు మాష్టారింట్లో. ఆయనకి డెబ్బై దాటాయి. మాట తక్కువ, వినడం ఎక్కువ.

"మాష్టారండీ, నన్నేం చదవమంటారు?" చాప మీద కూర్చుంటూనే అడిగింది పూర్ణిమ.

"నువ్వేమనుకుంటున్నావు?"

"నాన్న ఎం.పి.సి. అంటున్నారు. జాహ్నవీ అదే. ఇద్దరం ఒకే హాస్టల్లో ఉండొచ్చు. లెక్కల్లో నాకు తొంభై వచ్చాయి కూడా."

"మరింకేం?"

"వ్యవసాయ పాలిటెక్నిక్ అని ఒకటుందటండీ. మొన్న ఎవరో బడికొచ్చి చెప్పారు." గొంతు తగ్గించింది. "సాలూరు దగ్గర మా అమ్మమ్మ జీడితోటలో నేను అంటు కట్టిన మొక్కలు పన్నెండిట్లో పదకొండు బతికాయి."

"బతకని ఆ ఒక్కదానికీ వారం రోజులు ఏడ్చింది మాష్టారండీ," అంది జాహ్నవి.

మాష్టారు నవ్వలేదు. "శ్రుతి పెట్టు," అన్నారు.

శ్రుతి పెట్టె అంటే, పాడేవాళ్ళ పక్కన ఆగకుండా మోగుతూ గొంతు ఎక్కడ నిలబడాలో చెప్పే పెట్టె. ఎవరి గొంతుకి తగ్గట్టు వాళ్ళు దాన్ని ఎక్కించుకోవచ్చు, దించుకోవచ్చు. జాహ్నవిది ఐదున్నర శ్రుతి. పూర్ణిమా అందులోనే పాడుతుంది. ఈ ఏడాది ఆ పిల్ల గొంతు కాస్త బరువెక్కింది. దించుకుందామా అని మాష్టారు రెండుసార్లు అడిగారు. జాహ్నవి పైన ఉంటే తను కిందా? వద్దంటే వద్దంది.

"పై పంచమం అందుకో," అన్నారు మాష్టారు.

అందుకుంది. మెడనరాలు తేలాయి గానీ అందింది. చూశారా అన్నట్టు చూసింది.

"మళ్ళీ."

రెండోసారి గొంతు వణికింది. మూడోసారి గీరుకుపోయింది. నాలుగోసారి దగ్గొచ్చింది. మాష్టారు మంచినీళ్ళ చెంబు ఆ పిల్ల ముందుకి జరిపారు. తాగేదాకా ఆగి, చెయ్యి చాచి శ్రుతి పెట్టె మీట తిప్పారు. నాలుగున్నర.

పూర్ణిమ మొహం చిన్నబోయింది. "అంటే నేను జాహ్నవి కన్నా తక్కువా?"

"జాహ్నవీ, ఇందులో నువ్వు పాడమ్మా. కింది పంచమం."

జాహ్నవి ధీమాగా మొదలెట్టింది. షడ్జమం నుంచి కిందికి దిగుతూ ధైవతం దగ్గరే పలచబడింది. పంచమానికి వచ్చేసరికి ఉత్త గాలే వచ్చింది, సైకిలు ట్యూబు పంచరైనట్టు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని పగలబడి నవ్వారు.

"ఇప్పుడు నువ్వు."

పూర్ణిమ పాడింది. కింది పంచమం నిబ్బరంగా పలికింది. అక్కణ్ణుంచి మెట్టుమెట్టుగా పైకి వెళ్ళి, పై పంచమం మీద నిలిచింది. వీధిలో సైకిలు గంట ఒకటి వినిపించి సందు చివరిదాకా వెళ్ళిపోయింది. గొంతు ఇంకా అక్కడే ఉంది. మెడలో ఒక్క నరం తేలలేదు.

జాహ్నవి నవ్వడం మానేసింది. "ఏయ్, ఇది నువ్వేనా?"

పాఠం అయ్యాక పూర్ణిమ మళ్ళీ చదువు ఊసెత్తలేదు. గుమ్మంలో చెప్పులేసుకుంటూ, "రబ్బరుందా?" అని జాహ్నవిని అడిగింది.

జాహ్నవి సంచీలో చాలాసేపు వెతికింది. అంత పెద్ద సంచీ ఏం కాదది. చివరికి తీసి చేతిలో పెట్టి, "హాస్టల్లో నాకు ఉత్తరాలు రాయాలి మరి," అంది.

మర్నాడు సాయంత్రం పాఠం వేళకి పూర్ణిమ నాన్న సింహాచలం మాష్టారింటికి వచ్చాడు. బస్సు కండక్టరు. డ్యూటీ దిగి ఖాకీ చొక్కాతోనే వచ్చాడు. చేతిలో ఫారం. సంతకం చోటు ఖాళీగా ఉంది.

"మీరంటే దానికి గురి మాష్టారండీ. తొంభై మార్కులొచ్చిన పిల్ల జీడిమొక్కలంటోంది. గట్టిగా కసిరాను. ఎప్పుడూ ఏడ్చేది, ఈసారి ఏడవలేదు. నా కళ్ళలోకి చూసి నెమ్మదిగా చెప్పింది. అదే నాకు అర్థం కావట్లేదు. ఏం చెప్పారు దానికి?"

"నేనేం చెప్పలేదు నాయనా," అన్నారు మాష్టారు. "శ్రుతి ఒకటి దించానంతే. లోపల పాడుతోంది, కూర్చో."

సింహాచలం ఏదో అనబోయాడు. లోపలి గదిలోంచి గొంతు వినిపించింది. ఎవరిదా అని ఒక్క క్షణం తల తిప్పి చూశాడు. తరవాత చెప్పులు విడిచి, ఫారం మోకాలి మీద పెట్టుకుని, చాప అంచున కూర్చున్నాడు.