ఇప్పచెట్టు కొట్టు, గిజిగాడి బుట్ట

అనగనగా ఒక అడవిలో, ఇప్పచెట్టు తొర్రలో, అందరికీ కలిపి ఒకటే గింజల కొట్టు ఉండేదర్రా. దాన్ని వేల చీమలు తరతరాలుగా కట్టాయి. దానికో కట్టుబాటు ఉంది. "లోపల కలిసింది ఏదైనా సరే మా మాట కిందికే వస్తుంది. దాన్ని ఎవరైనా విప్పి చూడొచ్చు, మార్చుకోవచ్చు. మార్చింది మళ్లీ మా మాట మీదే అందరికీ ఇవ్వాలి."

ఆ కొట్టులో గింజలు దాచుకునే ఉడుత పేరు చారలమ్మ. మనసు వెన్న, కాకపోతే తొందరెక్కువ. పోయిన వానాకాలం కొట్టులో బూజు పట్టి దాని గింజలన్నీ పాడయ్యాయి. పిల్లలు ఆకలికి నకనకలాడారు. ఆ ఏడుపులు అది ఇప్పటికీ మరిచిపోలేదు.

ఒకరోజు ఏటి ఒడ్డున గిజిగాడి బుట్ట చూసింది. బుట్టనిండా చిన్న చిన్న అరలు. ఒక అరలో చెమ్మ చేరితే దాని గడ్డి బిగుసుకుంటుంది, బూజు పక్క అరకు పాకదు.

"మామా, దీన్ని మా కొట్టు గోడలో కుట్టుకోనా?" అని గిజిగాణ్ని అడిగింది.

"బుట్ట ఊరికే తీసుకెళ్లు తల్లీ. విప్పి చూసుకో, అల్లిక నేర్చుకో. కానీ అది ఎక్కడున్నా మా గిజిగాళ్ల మాట మీదే ఉండాలి, మరొకరి మాట కిందికి పోకూడదు" అన్నాడు గిజిగాడు.

"గోడలో కుడితే చీమల మాట కిందికి వస్తుందే! మీ మాటా మంచిదే, చీమల మాటా మంచిదే. కాస్త మార్చుకోకూడదూ?"

"ఈ అల్లికలో ఎందరి ముక్కుల పని ఉందో! సగం మంది ఎటో ఎగిరిపోయారు. ఎవరిని అడిగి మార్చను?"

చారలమ్మ చీమల పెద్దమ్మ దగ్గరికి పరుగెత్తింది. పెద్దమ్మ నిట్టూర్చింది. "కొట్టు కట్టినవాళ్లు సగం మంది మట్టిలో కలిసిపోయారే. వాళ్ల మాట నేనెలా మారుస్తాను?"

కొమ్మ మీది కాకి నవ్వింది. "పిచ్చిదానా, గుట్టుగా కుట్టెయ్! ఎవరు చూడొచ్చారు?"

అంతలో ఉరిమింది. చారలమ్మ గబగబా రెండు కుట్లు వేసింది. మూడో కుట్టు దగ్గర చెయ్యి ఆగింది. 'రేపు ఎవరైనా తీసెయ్యమంటే? గోడ పగలగొట్టాలి. నడివానలో అందరి గింజలూ తడుస్తాయి.' ఆ రెండు కుట్లూ విప్పేసింది. బుట్టను గుమ్మం బయట కొమ్మకు వేలాడదీసి, ఊగిపోకుండా గుమ్మానికి తాడు కట్టి, తన గింజలు అందులో దాచింది. బుట్ట కొట్టులో కలవలేదు కాబట్టి ఇద్దరి మాటా నిలిచింది.

అక్కడితో కష్టం తీరలేదర్రా. చీమలు వారానికోసారి గుమ్మం సరిచేస్తాయి. అలా చేసినప్పుడల్లా తాడు జారిపోతుంది, చారలమ్మ మళ్లీ కట్టాలి.

"కోరి కొరివితో తల గోక్కున్నావే!" అని కాకి వెక్కిరించింది.

ఏడు రోజులు వాన కురిసింది. కొట్టులో మళ్లీ బూజు లేచింది. బుట్టలో మాత్రం ఒక్క అరే పాడైంది. చారలమ్మ పిల్లలు కడుపునిండా తిన్నారు. ఇరుగుపొరుగు పిల్లలూ తిన్నారు. చివరికి చీమల పెద్దమ్మ తడిసి ముద్దై వచ్చింది.

"నా మనవలకు రెండు గింజలుంటే పెడతావా?"

"అదేం మాట పెద్దమ్మా! కావలసినన్ని తీసుకెళ్లు."

పెద్దమ్మ కళ్లు చెమర్చాయి. "నువ్వు కుట్లు వేయడం చూశానే. విప్పడమూ చూశాను. ఇకమీదట గుమ్మం ముట్టుకునే ముందు నీకు చెప్తాం. తాడు కట్టడానికి మేమూ వస్తాం."

ఆ వారం గుమ్మం సరిచేస్తుంటే, వెయ్యి చీమలు బారులు తీరి ఆ తాడును పట్టుకున్నాయి.

నీతి: రెండు మంచి మాటలకు పొత్తు కుదరనప్పుడు ఏ ఒక్కదాన్నీ చాటుగా మీరకూడదు; రెండింటినీ నిలబెట్టేది చుట్టుదారైనా, తోడు దొరికేది ఆ దారిలోనే.