బూరె కోసం కుట్టిన బొంత

అనగనగా, తివాచీలంటే ప్రాణం పెట్టే రాజుగారొకరు ఉండేవారు. పేరు మల్లభూపతి. రాణి తిరుమలాంబకేమో తన ముసలి కుక్క బూరె అంటే ప్రాణం. ఇక చూడండి తంటా!

బూరెకు కాళ్లు పట్టేశాయి. మేడ మెట్లు దిగలేక తివాచీ మీదే పని కానిచ్చేసేది. రాజుగారికి ఒళ్లు మండింది.

“ఇంకో రెండుసార్లు ఓర్చుకుంటాను. మూడోసారి తివాచీ తడిసిందా, దీన్ని వేటకుక్కల కొట్టంలోకి తోలేస్తాను!”

ఆ వేటకుక్కల మధ్య బూరె బతుకుతుందా? రాణిగారు కంటతడి పెట్టుకున్నారు. అంతఃపురం బట్టలుతికే సింగమ్మకు అది చూసి కడుపు తరుక్కుపోయింది. ఇంటికి పోయి, పాత చీరలతో మెత్తని బొంత కుట్టసాగింది.

ఈ సంగతి విని, ఆమెకన్నా ముందే ఆకుల వర్తకుడు వరదయ్య కోటకు వచ్చేశాడు.

“మోదుగాకులతో కుట్టిన పరుపు, మహారాజా! తడిస్తే పారేయడమే. ఉతికే బాధే లేదు” అన్నాడు మీసం దువ్వుతూ.

బూరె ఆకుల మీద కాలు పెట్టింది. అవి గరగరమన్నాయి. అది హడలిపోయి తివాచీ మీదికి ఉరికి, అక్కడే కానిచ్చేసింది. ఒకసారి అయిపోయింది.

మర్నాడు సింగమ్మ బొంత పరిచింది. బూరె దాని మీదే పని ముగించి తోకాడించింది. సింగమ్మ మురిసిపోయి, బొంత ఉతికి ఆరేసింది. అంతలో ముసురు పట్టింది. సాయంత్రమైనా బొంత ఆరలేదు. పాపం బూరె, గదంతా బొంత కోసం వెతికి వెతికి, ఇక ఆపుకోలేకపోయింది. రెండుసార్లయింది.

రాజుగారు ఇద్దరినీ పిలిపించి, “ఏమిటిది?” అని గద్దించారు.

“నా ఆకుల్లో ఏ లోపమూ లేదు ప్రభూ. కుక్కకే బుద్ధి లేదు” అన్నాడు వరదయ్య.

సింగమ్మ చేతులు కట్టుకుంది. “తప్పు నాదే మారాజా. ఎండను నమ్ముకున్నా, ముసురు సంగతి మరిచా. పరవడానికొకటి, ఉతకడానికొకటి, ఆరెయ్యడానికొకటి, మూడు బొంతలుండాల. పైగా నా బొంతలో తడి అడుక్కి దిగుతాంది. వరదయ్యగారి ఆకులు కింద పరిస్తే ఆ తడి ఆగుద్ది. మీద బొంతుంటే ఆకులు చప్పుడు చెయ్యవు.”

రాజుగారు సరేనన్నారు.

అలాగే చేశారు. బొంతలు ఉతికేవారు, తడిసిన ఆకులు పారేసేవారు. వానాకాలమంతా గడిచినా మూడోసారి రానేలేదు. ఒకనాడు రాజుగారు వంగి, తివాచీని తడిమి చూసుకుని, “పొడిగానే ఉందే!” అంటూ బూరెను తన ఒళ్లోకి ఎత్తుకున్నారు.

తన పనిలోని లోపాన్ని ఒప్పుకున్నవారికే దాన్ని సరిదిద్దే దారి దొరుకుతుంది.